రేగుంట పెంకుటిళ్లు

రేగుంటలో ఇంటిపన్ను రసీదు మరాఠీలో వస్తుంది. అది అందుకునే అరుగు మీద మాటలన్నీ తెలుగే. ఊరు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకాలో ఉంది; ప్రాణహిత దాటితే తెలంగాణ. మరాఠీ బడిలో చదివే పిల్లలు బతుకమ్మ పాటను తెలుగులోనే అందుకుంటారు.

నిజాం 1860లో గోదావరి ఎడమగట్టు సీమను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాక, సిరొంచ అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యపట్నమైంది. గోదావరిలో ఆవిరి పడవలు నడిపి లోపలి సీమల పత్తిని సముద్రానికి చేర్చాలని కాటన్ దొర కన్న కల ఆనాటిదే. అందుకు మొదలైన పనులు 1871లో ఆగాయి. 1874లో జిల్లానే రద్దు చేసి సిరొంచను చాందా (నేటి చంద్రపూర్) జిల్లాలో కలిపారు. రద్దైన జిల్లాలోని భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీకి వెళ్లింది. ఇవాళ భద్రాచలం తెలంగాణలో ఉంది. సిరొంచకు గడ్చిరోలి జిల్లా వచ్చింది 1982లో.

ఇన్ని మార్పులు చూసిన ఈ సీమకు గుర్తుగా నాకు కనబడేవి పాత పెంకుటిళ్లు. మందపాటి మట్టిగోడలు, టేకు గుంజలు, దంతెల మీద అటక, పైన గూనపెంకులు. నడిమి గుంజను చేత్తో నిమిరితే బాడిస దెబ్బలు ఇంకా వేళ్లకు తగులుతాయి. తరాల పొయ్యి పొగ పట్టి దంతెలు నల్లగా నిగనిగలాడుతుంటాయి. ఆ టేకు ఈ అడవులదే. 2023లో అయోధ్య రామాలయం తలుపులకు బల్లార్షా డిపో నుంచి వెళ్లిన కలప కూడా చంద్రపూర్, గడ్చిరోలి అడవుల్లో పెరిగిందే.

ఇదే జిల్లాలో వైనగంగ ఒడ్డున ఉన్న మార్కండా గుళ్లను కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతోంది, కాపాడాలి కూడా. 1958 నాటి చట్టం నూరేళ్లు దాటిన కట్టడాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించే వీలిస్తుంది. అయినా మన చూపు రాతిని దాటి మట్టిగోడ దాకా రాదు. ఇది నాకు బాధగా ఉంటుంది. స్లాబ్ ఇల్లు కట్టుకునేవాళ్లను తప్పుపట్టలేం. వానాకాలం కురిసే ఇంట్లో ఉండేది వాళ్లే. కానీ కూల్చిన ఇంటి దంతెలు అమ్ముడుపోయాక, ఆ ఇల్లు ఎలా నిలబడిందో చెప్పే ఆనవాలు మిగలదు.

గ్రామపంచాయతీ నమూనా 8 పుస్తకంలో ప్రతి ఇంటి లెక్కా ఉంటుంది. దానికి తోడుగా, పెంకులు దించేలోపే ఒక ఫొటో తీసి, కట్టిన తరం, వాడిన కలప, అర్రల కొలతలు రాసి పెట్టాలి. వివరాలు పెద్దల నుంచి తెలుగులో రాబట్టి మరాఠీలో దాఖలు చేయాలి. రెండూ వచ్చిన సిరొంచ పిల్లలకు ఈ పని అప్పగిస్తే వచ్చే ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు.