ఓణీల ఫంక్షన్ల ఊళ్లలో

చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు వెళితే, మాఘమాసంలో రోడ్డుకు ఇరువైపులా మిరప కల్లాలే. ఊరి మొదట్లో మాత్రం ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు. నేను ఆగిన ఊళ్లో ఒకదాని మీద పట్టు ఓణీ కట్టి, వడ్డాణం పెట్టిన పాపకు పన్నెండేళ్లు దాటి ఉండవు. కింద చుట్టాల ఫొటోలు, ముందు వరుసలో మేనమామలు. మనవాళ్లకు ఈ విషయాలు మాట్లాడాలంటే సిగ్గు అంటాం గానీ, పిల్ల పెద్దమనిషైన సంగతి బస్సులో పోయేవాళ్లకు కూడా తెలిసేలా చాటడంలో సిగ్గెక్కడుంది? తాటాకు చాప మీద కూర్చోబెడతారు, చిమ్మిలి తినిపిస్తారు, ఊరందరికీ భోజనాలు పెడతారు. నెలసరి ఎందుకొస్తుంది, గర్భం ఎలా వస్తుంది, ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఎవరికి చెప్పాలి అన్నవి మాత్రం ఆ పిల్లతో ఎవరూ మాట్లాడరు. లోపం సిగ్గుది కాదు, ఎవరితో మాట్లాడాలో తెలియకపోవడానిది.

పెళ్లయ్యాక వాళ్లకే తెలుస్తుందిలే అంటారు పెద్దవాళ్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్లవాళ్లలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో. దేశం మొత్తం మీద ఇది 6.8 శాతమే. అంటే తెలిసేసరికే చంకలో బిడ్డ ఉంటోంది. చెబితే చెడిపోతారన్నది ఇంకో భయం. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక వంటి రాష్ట్రాలు బడుల్లో లైంగిక విద్య పాఠాలను ఆపించింది ఆ భయంతోనే. దేశదేశాల అధ్యయనాలు చూసి యునెస్కో 2018లో చెప్పింది వేరు: ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడటం పెరగదు. పైగా చెప్పకుండా కాపాడామనుకునే ఇళ్లలోనే, పిల్ల ఎక్కడ దారి తప్పుతుందోనని పదో తరగతి కాగానే సంబంధాలు చూస్తున్నారు.

ఈ సంగతులు చెప్పడం తల్లి పని, బడి పని కాదనే మాటలో సగం న్యాయముంది. కానీ మిరప కోతల రోజుల్లో తల్లి తెల్లారకముందే ఆటో ఎక్కుతుంది. మార్కాపురం, యర్రగొండపాలెం వైపు నుంచి కోతలకు వలసొచ్చేవాళ్లయితే పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో, హాస్టల్లోనో వదిలి వస్తారు. ఆ నెలల్లో పిల్లకు దిక్కు బడే. ఎనిమిదో తరగతి పుస్తకంలో కౌమార దశ పాఠం ఉంది. ఇంట్లో చదువుకోండని దాటేసే సార్లూ ఉన్నారు. 2021 అక్టోబరులో మొదలైన స్వేచ్ఛ పథకం ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి ఆడపిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఇచ్చింది. మంచి పనే. అయితే కొందరికి నెలసరి ఏడో తరగతికన్నా ముందే మొదలవుతుంది కనుక ఈ మాట ఐదో తరగతిలోనే చెవిన పడాలి. నేను చూసిన హైస్కూల్లో సైన్సు మేడమ్ ఖాళీ చాక్‌పీసు డబ్బా పెట్టి, పేర్లు లేకుండా చీటీలు వేయమంటారు. మీసం రాకపోతే జబ్బా అని ఒకటి, గొంతు ఎప్పటికి కుదురుకుంటుందని ఇంకొకటి. మగపిల్లల చీటీలే ఎక్కువ.

ఉండవూ మరి? వాళ్లకు ఫంక్షన్ లేదు, చెప్పే మేనత్త లేదు, చేతిలో ఫోన్ మాత్రం ఉంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 నిండని పిల్ల ఇష్టపడి వచ్చిందన్నా అది నేరమేనని ఇంటర్ కుర్రాడికి తెలిసేది చాలాసార్లు స్టేషన్‌లోనే. కొడుక్కి బండి తాళాలిచ్చే రోజున తండ్రి చెప్పవలసిన మొదటి సంగతి ఇది. తండ్రికి నోరు పెగలకపోతే మేనమామ చెప్పవచ్చు. ఫ్లెక్సీలో ముందు వరుస ఎలాగూ ఆయనదే.