బోకులు తోమితే స్టార్ రాదు

"ఏఐ పాఠం చెబుతోందట, పోయి చూసి రా" అన్నాడు మా సంపాదకుడు. అలా నంద్యాల జిల్లా జూపాడు బంగ్లా మండలంలో ఒక చిన్న బడికి వెళ్లాను. ఊరి పేరు రాయను. రాస్తే ఆ టీచరమ్మ ఎవరికో సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు.

ఒకే గదిలో మూడు తరగతులు. ట్యాబ్‌లు అయిదు, ఛార్జింగ్ ఉన్నవి మూడు. నా చూపు మాత్రం టీచరమ్మ ఒళ్లో ఉన్న నోట్‌బుక్ మీద పడింది. సుద్దపొడి అంటిన వేళ్ల మధ్య ఎర్ర పెన్ను. పేజీ నడుమ గీత. ఎడమ పక్క పిల్లలు అన్న మాట, కుడి పక్క ట్యాబ్ విన్న మాట. బుడ్డలు, బుడగలు. కసువు, పసుపు. అలా పేజీ నిండా.

"ఇదేందమ్మా?"

"తప్పులు రాసుకుంటున్నా సార్."

"ఎవరి తప్పులు?"

నవ్వి ఊరుకుంది.

ఆత్మకూరు పైన గూడెం నుంచి మిరపకోతకు వచ్చిన చెంచు కుటుంబం పిల్ల ఒకతె హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదేళ్లుంటాయి. పొద్దున్నే మీ అమ్మ ఏం చేస్తుందని ట్యాబ్ అడిగింది. "మాయమ్మ బోకులు తోముతాది" అంది పిల్ల. తెర మీద "మా అమ్మ బొక్కలు తోముతాది" అని పడింది. మళ్లీ ప్రయత్నించమంది, ఎంతో తీయగా. పిల్ల టీచరమ్మ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, పుస్తకం అప్పజెప్పినట్టు "మా అమ్మ పాత్రలు తోముతుంది" అంది. స్టార్ వచ్చింది. చప్పట్ల మోత కూడా.

నాకు ఒళ్లు మండింది.

అయినా దాని మంచి దానికి ఉంది. లెక్కల్లో ఈ పిల్లకు అప్పు తీసుకుని చేసే తీసివేత రాదని ట్యాబ్ పసిగట్టి, రెండో తరగతి లెక్కలకు వెనక్కి తీసుకెళ్లింది. "మూడు క్లాసులు పట్టుకుని నేను ఒక్కొక్కరికి అంత చూడలేను సార్" అని టీచరమ్మే ఒప్పుకుంది. పిల్లవాడి స్థాయిని బట్టి ప్రశ్న మార్చే ఈ పద్ధతి మన రాష్ట్రానికి కొత్త కాదు. పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్ పేరుతో ప్రభుత్వ బడుల్లో నడిచింది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవారిలో ఒకరైన మైకేల్ క్రెమర్ బృందం దాన్ని అధ్యయనం చేసింది కూడా. అంకెలకు యాస లేదు కాబట్టి అక్కడ పేచీ రాదు.

పేచీ అంతా మాట దగ్గరే. జనం గొంతులు రికార్డు చేసి, వాటి పక్కన రాతను పెట్టి చూపిస్తే యంత్రం వినడం నేర్చుకుంటుంది. తనకు అలవాటు లేని మాట చెవిన పడితే, అలవాటున్న మాటకు దాన్ని ఈడ్చుకుపోతుంది. చెంచులు మాట్లాడేదీ తెలుగే. చిక్కంతా అందులోనే ఉంది. అది వేరే భాషైతే నాకు రాదని యంత్రం ఒప్పుకునేదేమో. తెలుగే గనుక వచ్చనుకుంటుంది. 2020లో కరోనా రోజుల్లో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. టీవీకి చెవులు లేవు, ఎవరూ నిందించలేదు. ఈ ట్యాబ్‌కు చెవులున్నాయని చెప్పి బడికి తెచ్చారు కదా!

పోతిరెడ్డిపాడు తూములు ఈ మండలంలోనే ఉన్నాయి. శ్రీశైలం నీళ్లు తెలుగుగంగలో పడి చెన్నై దాకా పోయేది వాటి గుండానే. పాత సామర్థ్యం చాలదని దాన్ని 44,000 క్యూసెక్కులకు పెంచారు. ఆ చెన్నైలోనే, ఐఐటీ మద్రాసులో, ఏఐ4భారత్ అనే బృందం వాళ్లు యంత్రాలకు వినడం నేర్పడానికి 22 భాషల్లో మామూలు జనం మాటలు పోగుచేస్తున్నారు. నీళ్లకు కాలువ దొరికింది. ఈ నోట్‌బుక్కుకు ఏ తూమూ లేదు.

"దీన్ని ఎవరికి పంపాల సార్?" అని టీచరమ్మ నన్నే అడిగింది. యాప్‌లో చూశాను. బొటనవేలు కిందికి చూపించే గుర్తొకటుంది, అంతే. అందులో బోకులు ఎక్కడ పడతాయి?

బయల్దేరే ముందు ఆ పిల్ల పక్కన కూర్చుని, "మీ నాయన అడివిలో ఏం తెస్తాడమ్మా?" అన్నాను. ఏదో పేరు చెప్పింది. టీచరమ్మ పెన్ను ఎత్తింది. నాకు సరిగ్గా అందలేదు. "ఏమన్నావు, మళ్లీ చెప్పు" అన్నాను.

పిల్ల నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, "తేనె" అంది.