ఎనభై ఐదా, వందా?

మనవాళ్ళకి ఏది కొనాలన్నా ముందు ఎక్సెల్ షీటు ఓపెన్ చెయ్యందే తోచదు. ఫ్లాటైనా, ఫ్రిజ్జైనా, కెమేరా లెన్సైనా సరే. కేనన్ కెమేరా ఉండి, మనుషుల ఫోటోలు తియ్యాలన్న సరదా ఉన్నవాళ్ళ షీటులో మాత్రం చివరికి రెండే వరుసలు మిగులుతాయి. 85 ఎంఎం ఎఫ్/1.8, 100 ఎంఎం ఎఫ్/2. అక్కడ్నించి బండి ముందుకి కదలదు.

ఎందుకు కదలదంటే, రెండూ కవలపిల్లల్లాంటివి. 100 వచ్చింది 1991లో, 85 వచ్చింది 1992లో. ఫిల్టరు సైజు రెండింటికీ 58 ఎంఎం. 85 బరువు 425 గ్రాములు, 100 బరువు 460. అపర్చరు బ్లేడ్లు రెండింట్లోనూ 8. చప్పుడు లేకుండా గబుక్కున ఫోకస్ చేసే యూఎస్ఎం మోటారు రెండింట్లోనూ ఉంది, చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ రెండింట్లోనూ లేదు. ఎండలో అపర్చరు పూర్తిగా తెరిచి తీస్తే మెరిసే అంచుల దగ్గర వచ్చే ఊదారంగు చార 85లో కాస్త ఎక్కువ. అపర్చరు తగ్గిస్తే చాలావరకు పోతుంది.

"ఎఫ్/1.8 కదా, బ్యాక్‌గ్రౌండు దాంట్లోనే ఎక్కువ మసకబారుతుంది" అంటారు చాలామంది. లెక్క చూస్తే అలా లేదు. 85ని 1.8తో భాగిస్తే 47, 100ని 2తో భాగిస్తే 50. అంటే లెన్సు కన్ను వెడల్పు అన్నమాట. మనిషిని ఫ్రేములో ఒకే సైజులో పెట్టి తీస్తే, దూరంగా ఉన్న చెట్లూ లైట్లూ 100లోనే ఓ పిసరు ఎక్కువ కరుగుతాయి. వెలుగు మాత్రం 85కి మూడోవంతు స్టాపు ఎక్కువ. ఇదీ అదీ చెల్లు.

ఇంకో సంగతి. ఫుల్ ఫ్రేమ్ కెమేరాలో తల, భుజాలు పట్టేలా ఎఫ్/1.8లో తీస్తే, స్పష్టంగా ఉండే లోతు ఇంచుమించు 3 సెంటీమీటర్లే. మనిషి ముఖం కొంచెం పక్కకి తిప్పితే ఒక కన్ను షార్పుగా, రెండోది మసగ్గా వస్తుంది. అందుకని ముఖాలు తీసేటప్పుడు ఎలాగూ ఎఫ్/2.8కో, ఎఫ్/4కో దిగుతాం. అక్కడ 1.8 గొప్పా 2 గొప్పా అన్న గొడవే ఉండదు.

మరి తేడా ఎక్కడుంది? నన్నడిగితే దూరంలో ఉంది. ఆ తల, భుజాల ఫోటోకే ఫుల్ ఫ్రేమ్‌లో 85తో సుమారు 5 అడుగుల దూరంలో ఉంటాం, 100తో దాదాపు 6 అడుగులు. అదే క్రాప్ సెన్సరు కెమేరా అయితే 85తో 8 అడుగులు, 100తో 9 అడుగులు దాటుతుంది. నిలువెత్తు ఫోటో కావాలంటే క్రాప్ బాడీ మీద 85కే 25 అడుగులు కావాలి, 100కైతే 30. మన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ల హాల్లో అంత చోటెక్కడిది? బాల్కనీ గ్రిల్లుకి వీపు ఆనించినా చాలదు.

ఈ ఒక్క అడుగు గురించి ఎందుకింత పట్టుదల అంటారా? మనం అసలు ఎవరి ఫోటోలు తియ్యాలి అనేదాని మీద ఉంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పోయాక గోడమీద పెట్టడానికి ఫోటో కోసం వెతుకుతాం. దొరికేదేంటి? ఏదో అప్లికేషనుకి తీయించుకున్న పాస్‌పోర్టు సైజు ఫోటో, లేదంటే పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన ముఖం. దాన్నే స్టూడియోవాడు పెద్దది చేసి, వెనక నీలంరంగు వేసి ఇస్తాడు. జీవితాంతం మనతో నవ్వుతూ మాట్లాడిన మనిషి ఆ ఫోటోలో బిగుసుకుపోయి కూర్చుని ఉంటారు. ఇంట్లో ఖరీదైన కెమేరా ఉన్నా చాలా ఇళ్ళల్లో ఇదే పరిస్థితి.

అలాంటి మంచి ఫోటో ఒక్కటి రావాలంటే మనిషి మనతో మాట్లాడుతూ ఉండాలి. అయిదారడుగులు మంచం మీద వాళ్ళు, ఎదురుగా కుర్చీలో మనం కూర్చుని కబుర్లు చెప్పుకునే దూరం. తొమ్మిదడుగుల అవతల నిలబడితే చెవులు సరిగా వినపడని తాతయ్యకి అరిచి చెప్పాలి. అరవగానే ఆయన "ఫోటో తీస్తున్నారు" అని సర్దుకుని, నవ్వు మానేస్తారు. అలాగని మరీ మీదకెళ్ళి ఫోనుతో తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి.

అందుకని నా ఓటు 85కే. బాడీ క్రాప్ సెన్సరుదైతే మరీను. 100 తీసిపారేసేది కాదు. ఫుల్ ఫ్రేమ్ బాడీ ఉండి, పెళ్ళిమండపాలూ స్టేజీ ప్రోగ్రాములూ ఎక్కువ తీసేవాళ్ళకి, వీడియోవాళ్ళకి అడ్డం రాకుండా ఓ అడుగు వెనక నిలబడే సౌకర్యం అదిస్తుంది. 2018లో కేనన్ ఆర్ఎఫ్ మౌంటు తెచ్చాక ఈ రెండూ ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే చూస్తున్నాం. అడాప్టరు తగిలిస్తే కొత్త మిర్రర్‌లెస్ బాడీల మీదా చక్కగా పనిచేస్తాయి.

ఏది చౌకగా దొరికితే అది కొన్నా నష్టం లేదు. కొనకుండా ఇంకో రెండేళ్ళు రివ్యూలు చదవడంలోనే నష్టం. లెన్సులు అప్పటికీ దొరుకుతాయి. పెద్దవాళ్ళ సంగతి అలా చెప్పలేం కదా.