ఇటుక వెనుక మనిషి

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అని మన పెద్దలు ఊరకే అనలేదు. రెండింటిలోనూ ఖర్చు ముందు వేసిన అంచనాకు లొంగదు. అయితే ఇంటి లెక్కలో ఎన్నడూ ఎక్కని పద్దు ఒకటున్నది. సిమెంటు బస్తాకు ఇంత, ఇసుక లారీకి ఇంత, వెయ్యి ఇటుకలకు ఇంత అని వ్రాసుకొనే మనం, ఆ ఇటుకలు కోసిన చేతులకు ఎంత ముట్టినదో వ్రాసుకొనము. ఆ పద్దును గురించి తోటి విద్యార్థులతోను, కళాశాల కమిటీ పెద్దలతోను నాలుగు మాటలు చెప్పుకొనవలెనని మా అభిలాష.

మన గుంటూరు, ప్రకాశం సీమలు ప్రత్తికి, మిరపకు పేరుగన్నవి. ఈ నేలకు నీరిచ్చే నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. ఈ తేదీలను మేము చిన్ననాటి నుండి వల్లె వేసినవారమే. కాని ఆ మహత్తరమైన రాతి కట్టడానికి రాళ్లు మోసిన వేలాది కూలీలలో ఒక్కరి పేరైనా మా పాఠ్యపుస్తకాలలో మాకు కనబడలేదు. కట్టడం నిలుస్తుంది, కట్టినవాడు మరుగున పడతాడు.

అది గతించిన కథ అనుకొనుటకు వీలు లేదు. ఈ సీమ నేటికీ దేశానికి రాయి, సున్నం, సిమెంటు సరఫరా చేస్తూనే ఉన్నది. చీమకుర్తి నల్లరాయి బంగారు చుక్కలతో మెరుస్తూ ‘బ్లాక్ గెలాక్సీ’ అన్న పేరుతో సముద్రాలు దాటి పోతున్నది. బల్లికురవ ప్రాంతంలోనూ గ్రానైటు క్వారీలున్నవి. 2025 ఆగస్టు 3న అక్కడి ఒక క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఆరుగురు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. వారు ఒడిశా నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. ఆ క్వారీ రాయి ఎవరి ఇంటి గడపగా మారినదో, ఆ ఇంటివారికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

ఇటుక బట్టీల సంగతి కూడా ఇటువంటిదే. వానలు వెనుకబట్టిన తరువాత ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుండి కుటుంబాలకు కుటుంబాలు తెలుగునాటి బట్టీలకు తరలి వస్తాయి. దళారి వారి ఊరిలోనే అడ్వాన్సు చేతిలో పెడతాడు. భార్యాభర్తలు, వారికి తోడుగా తరచు ఎదిగీ ఎదగని బిడ్డలు కలిసి ఒక జట్టు. కూలి రోజుకు కాదు, వెయ్యి ఇటుకలకు. అడ్వాన్సు తీరేవరకు కదలుటకు లేదు. వేసవి ముగిసి వారు ఊరు చేరేసరికి పిల్లల చదువులో ఒక ఏడు గడచిపోతుంది.

చట్టాలు లేకపోలేదు. వెట్టిచాకిరీని 1976లో రద్దు చేశారు. వలస కూలీల కోసం 1979లోను, భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోను చట్టాలు వచ్చాయి. ఈ చివరి రెండూ 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిసి, 2025 నవంబరు 21 నుండి కొత్త రూపంలో అమలులోకి వచ్చాయి. కాంట్రాక్టరు కూలి ఎగవేస్తే పని చేయించుకొన్న ప్రధాన యజమాని చెల్లించవలెనన్న మంచి నియమం వీటిలో ఉన్నది. అయితే ఆ బాధ్యత ఆ యజమాని పనిచోటుతోనే ఆగిపోతుంది. కూలి మనిషిగా మన ఆవరణలోకి వస్తే చట్టం మనలను అడుగుతుంది. అతని శ్రమ ఇటుకగా మారి లారీలో వస్తే, దానిని కొన్న మనలను ఎవరూ అడగరు.

మా వీధిలో లేస్తున్న ఒక మేడ వద్ద మేము ఈ సంగతి పరీక్షించి చూచితిమి. “ఈ ఇటుక ఏ బట్టీది, మేస్త్రీగారూ?” అంటే, “నాకేం తెలుసు బాబూ, లారీ ఆయన్ని అడగండి” అన్నాడాయన. లారీ ఆయన కమిషను వ్యాపారిని చూపించాడు. వ్యాపారి నవ్వి, “మీకు ఇటుక గట్టిదా కాదా కావాలిగాని, కోసినవాళ్ల గొడవెందుకు?” అన్నాడు. ముగ్గురూ మర్యాదస్థులే. అడిగేవారు లేకపోవడం చేత తెలుసుకొనే అవసరం వారికి కలుగలేదు, అంతే.

అడిగితే ఏమవుతుందో గల్ఫ్ దేశాల అనుభవం చెబుతున్నది. మన తెలుగు బిడ్డలెందరో అక్కడి ఎండలలో మేడలు కట్టినవారే. 2022 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల కోసం కతార్‌లో స్టేడియాలు లేస్తున్నప్పుడు, వాటిని కట్టే కూలీల స్థితి ఏమిటని ప్రపంచం నిలదీసినది. 2020లో ఆ దేశం, యజమాని అనుమతి లేకుండానే కార్మికుడు పని మారే వీలు కల్పించినది. కష్టాలన్నీ తీరినవని కాదు. దూరాన ఉన్నవారి ప్రశ్నకు కూడా బలమున్నదని రుజువైనది. అక్కడ మనవారి కోసం కోరిన న్యాయం, ఇక్కడ ఒడిశా సోదరునకు చెందకపోవుట ఎటువంటి ధర్మం? శ్రమించినవాని కూలిని ఆలస్యం చేయరాదన్న ఇస్లాం బోధలో మనవాడు, పరాయివాడు అన్న భేదం లేదు గదా!

కావున కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటున్నది. మన కళాశాలలో ఇకముందు ఏ గది కట్టినా, టెండరు కాగితంలో మూడు ప్రశ్నలు చేర్చవలెను. ఈ ఇటుక, రాయి ఎక్కడివి? కూలి లెక్క కార్మికుని చేతికి వ్రాతమూలకంగా ఇస్తున్నారా? అతని పిల్లలు ఏ బడికి పోతున్నారు? జవాబు సరిగా లేదని సీజను నడుమ సరుకు మానివేస్తే, ముందు పస్తులుండేది కూలివాడే. అందుచేత దీపావళికి ముందే, బేరం కుదరకమునుపే ఈ ప్రశ్నలు వేయుట మేలు. ధర కొంచెం పెరుగవచ్చును. ఆ పెరుగుదల ఇంతకాలం మరొకరు తమ ఆకలితో చెల్లిస్తూ వచ్చినదే.

ఒక్క కళాశాల అడిగితే వ్యాపారి నవ్వవచ్చు. మన పట్టణంలోని బడులు, మసీదులు, గుడులు, చర్చీలు కూడా అడిగితే అతడే బట్టీ యజమానిని అడుగుతాడు. ఆ ప్రశ్న మొదట మన ఆవరణ నుండి బయలుదేరవలెనని మా కోరిక.