కారు కింద నీటి చుక్క

అబుధాబి నుంచి అల్ ఐన్ వెళ్ళే దారిలో వచ్చే బనియాస్‌లో మా కాపురం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇక్కడి ఉక్క సంగతి మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఏసీ గదిలోంచి బయటకు అడుగు పెడితే చాలు, కళ్ళజోడు మసకబారి దారి కనపడదు! 2024లో సరిగ్గా అలాంటి రోజుల్లోనే మా కారులో నీళ్ళు చేరడం మొదలైంది.

కనిపెట్టింది మా ఆవిడ. "ఏమండీ, కారులో తడి గోనెసంచి వాసన వస్తోంది. నా కాళ్ళ కింద అంతా చెమ్మగా ఉంది" అంది. మ్యాట్ తీసి కార్పెట్ మీద వేలితో నొక్కితే నీళ్ళు పైకి ఉబికాయి.

నాకు వెంటనే గుర్తొచ్చింది మా కారు కడిగే అబ్బాయి. జగిత్యాల దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చినవాడు. రోజూ పైన కడుగుతాడు, వారానికోసారి లోపల తుడుస్తాడు. "మ్యాట్లు ఆరకుండానే వేస్తున్నావు, వాసన పట్టింది" అని గట్టిగానే అన్నాను. "లేదు సార్, ఎండల ఆరబెట్టే ఏస్తున్న" అన్నాడు. నేను వినలేదు. లోపలి పని మానిపించి, ఆ నెల దానికిచ్చే 30 దిర్హాములు కూడా ఆపేశాను.

అతను లోపల చెయ్యి పెట్టడం మానేసి పది రోజులైంది. కార్పెట్ మాత్రం తడుస్తూనే ఉంది. అయినా అతన్ని పిలిచి "నాదే పొరపాటు" అనడానికి నోరు రాలేదు.

ముసఫ్ఫాలో ఒక గ్యారేజ్‌కి తీసుకెళ్ళాను. "ఇది ఏప్రిల్ వరదనీళ్ళు సార్, కార్పెట్ మొత్తం మార్చాలి, 1,800 దిర్హాములు" అన్నారు. 2024 ఏప్రిల్ 16 నాటి వాన మనం మరచిపోయేది కాదు. అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల లోపే 254.8 మిల్లీమీటర్లు కురిసింది. 1949లో లెక్కలు రాయడం మొదలయ్యాక ఈ దేశంలో అంతటి వాన లేదట. కానీ ఏప్రిల్ నీళ్ళు మే, జూన్, జూలై ఎండలకు ఆరకుండా ఆగస్టులో కొత్తగా ఊరతాయా? నమ్మబుద్ధి కాక తిరిగొచ్చేశాను.

ఇంటి దగ్గర నేనే పరీక్షలు మొదలుపెట్టాను. కార్పెట్ మీద పాత పేపర్లు పరిచి, ముందు అద్దం మీద, తలుపుల మీద పైపుతో అరగంట నీళ్ళు పట్టాను. పేపర్లు తడవలేదు. అంటే బయటి నీరు కాదు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ అయితే రంగు ఉంటుంది, తియ్యటి వాసన, జిడ్డు ఉంటాయి. ఇవి స్వచ్ఛమైన నీళ్ళు, డబ్బాలో కూలెంట్ మట్టమూ తగ్గలేదు. ఇక ఏం చెయ్యాలో తోచలేదు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కారు ఆపుతుంటే ఆ అబ్బాయే దగ్గరకొచ్చాడు. "సార్, ఒక మాట చెప్త, ఏమనుకోకుండ్రి. పొద్దుమీకి అందరి బండ్ల కింద నీళ్ళు కారుతయి. మీ బండి కింద చుక్క పడ్తలేదు."

నాకు నోట మాట రాలేదు. సంగతి అంతే! ఏసీ వేసినప్పుడు గాలిలోని తేమ డ్యాష్‌బోర్డు వెనకున్న చల్లటి కాయిల్ మీద నీరుగా మారి, కింది తొట్టెలోకి జారి, ఒక సన్నని రబ్బరు గొట్టం ద్వారా కారు కిందకి పోవాలి. దుమ్ముతో ఆ గొట్టం పూడిపోతే, తొట్టె నిండి మలుపు తిరిగినప్పుడల్లా నీళ్ళు కారులోకే ఒలుకుతాయి.

మర్నాడు ఇంకో చిన్న గ్యారేజ్‌లో కారు పైకెత్తించాను. మెకానిక్ సన్నని నైలాన్ తీగతో గొట్టం మూతి పొడిచాడు. ఇసుక, బూజు కలిసిన ముద్ద ఊడిపడింది, వెనకే నీళ్ళు బుడబుడా దూకాయి. ఇరవై నిమిషాల పని, 40 దిర్హాములు. పైపులో గాలి గట్టిగా కొడితే లోపల గొట్టం ఊడిపోవచ్చని, అందుకే తీగ వాడానని చెప్పాడతను. తర్వాత దుమ్ము పట్టిన ఏసీ ఫిల్టర్ మార్చాను. కార్పెట్ కింద స్పంజి నీళ్ళు పట్టి ఉంచుతుంది కాబట్టి, దాన్ని పైకి లేపి రెండు రోజులు ఎండలో అద్దాలు దించి ఉంచాను. వాసన పోయింది.

నేను చదివింది కంప్యూటర్స్‌లో మాస్టర్స్. ఇరవై ఏళ్ళుగా నా పని సిస్టమ్స్‌లో తప్పెక్కడుందో వెతకడం. ఆఫీసులో ఎవరైనా "ఫలానా అతని కోడ్ వల్లే" అంటే "ముందు లాగ్ చూపించండి" అంటాను. కారు విషయంలో కూడా పేపర్లు పరిచి మరీ పరీక్ష చేశాను. ఆ అబ్బాయి విషయంలో మాత్రం ఏ పరీక్షా లేకుండా తీర్పు చెప్పేశాను. ఎదురు చెప్పలేనివాడని కాక మరెందుకు?

ఆ సాయంత్రం అతన్ని పిలిచి "తప్పు నాదే తమ్ముడూ" అని 200 దిర్హాములు చేతిలో పెట్టబోయాను. "నా ముప్పై నాకియ్యుండ్రి సార్, సాలు" అని అవి మాత్రమే తీసుకుని, బకెట్ పట్టుకుని పక్క కారు దగ్గరకి వెళ్ళిపోయాడు.

ఈ వేసవిలో మీరు కూడా ఏసీ పదిహేను నిమిషాలు నడిపాక ఒకసారి కారు కిందకి వంగి చూడండి. నీటి చుక్క పడుతుంటే నిశ్చింతగా ఉండండి. పడకపోతే గొట్టం చూపించండి. ఎవరినైనా ఒక మాట అనేది, అంతగా అవసరమైతే, ఆ తర్వాతే.