మూడు షిఫ్టుల ముద్ద

కిందటేడు ఎండాకాలం మా బిడ్డ దగ్గరికి టొరంటో పోయినప్పుడు, అల్లుడు వారం ముందే జాగ చెప్పి పెట్టి మమ్మల్ని సీఎన్ టవర్ మీది తిరిగే హోటల్‌కు తీస్కపోయిండు. 553 మీటర్ల బురుజు అది, హోటల్ ఉన్నది 351 మీటర్ల మీద. అద్దాల లిఫ్టు ఎక్కితే నిమిషం కూడ కాలేదు, చెవులు గుయ్యిమన్నయి, పైనున్నం. అద్దాల పొంట బల్లలు, కుర్చీలు వేసిన నేల ఒక్కటే కంకణం లెక్క మెల్లగ తిరుగుతది. నడుమ వంటిల్లు తిరగదు, బయటి అద్దాల గోడ తిరగదు. 72 నిమిషాలకు ఒక చుట్టు. ఆ సంగతి తెల్వక మా ఇంటామె చేతిసంచిని కిటికీ గట్టు మీద పెట్టింది. సూపు తాగి చూసేసరికి సంచి మా పక్కన లేదు, మూడు బల్లల అవతల ఎవరో ముసలి దంపతుల పక్కన కూసున్నది. వడ్డించే పిలగాడు నవ్వుకుంట తెచ్చిచ్చిండు.

అక్కడ అన్నీ ఒక్కసారే పెట్టరు. విడతలు విడతలుగ వస్తయి. చేటంత తెల్ల పళ్లెం, దాని నడుమ గుప్పెడంత తిండి. ముందు గుమ్మడికాయ సూపు, అటెన్క మేపుల్ పాకం పూసిన చేప ముక్క, ఆఖరికి వేలెడంత మిఠాయి. వండినోళ్ల చేతి పనితనం తెలుస్తనే ఉంది, ఒక్కొక్కదాని రుచి నాలుక మీద నిలబడి పోయింది. కింద ఆంటారియో సరస్సు పొద్దుగూకే ఎరుపు పట్టి ఉంటే, దీవి మీద దిగే చిన్న విమానాలు పిట్టల లెక్క కనవడ్డయి.

ఆ పిలగాడు ఒక్కో విడత తెచ్చేటందుకు నడుమ వంటింట్లకు పోయేటోడు. వాడు లోపల ఉన్న నాలుగు నిమిషాల్లనే మా బల్ల ఉన్న జాగ నుంచి జరిగిపోయేది. అయినా వాడు బయటికొచ్చి అటిటు చూసేటోడు కాదు, పళ్లేలు పట్టుకొని సీదా మా దగ్గరికే వచ్చేటోడు. మూడోసారి గట్లనే వచ్చినప్పుడు నాకు గుండెల ఏదో కలుక్కుమన్నది. "ఏమైంది నాన్నా, కళ్లు తిరుగుతున్నయా?" అని బిడ్డ అడిగింది. కళ్లు తిరగలేదు. గోదావరిఖనిల మా క్వార్టర్ల లైన్‌ల, చీకట్ల, అన్ని మంచాల నడుమ మా మంచం దగ్గరికే వచ్చేటి బాపు అడుగుల చప్పుడు వినవడ్డది.

ఆ బురుజును జనానికి తెరిచింది 1976ల. అప్పుడు నేను మూడో తరగతి. ఖనిల మొదటి బాయి 1961ల తెరిచిండ్రు, బాపు అటెన్క కొన్నేండ్లకు మానేరు ఒడ్డు పల్లె నుంచి, ఎవుసం సాలక, పెద్దబాపు వెంబడి వచ్చి కోల్‌ఫిల్లర్‌గ చేరిండు. మా దిక్కు గనిని గని అనరు, బాయి అంటరు. నీళ్ల కోసం తవ్విందీ బాయే, బొగ్గు కోసం తవ్విందీ బాయే. బాపు దిగిన బాయి ఇంక్లైన్, అంటే ఏటవాలు దారి. టబ్బులను గుంజే హాలేజీ తాడు పక్క పొంట నడుచుకుంట దిగుడు, పని ఒడిసినంక నడుచుకుంట ఎక్కుడు. చెమ్మస్‌తోని బొగ్గెత్తుడు, తట్టల నింపుడు, నెత్తిన పెట్టుకపోయి టబ్బుల పోసుడు. తట్టా చెమ్మస్ పని అనేటోళ్లు. బస్తీలకు సైతం బాయిల నంబర్లే పేర్లు, ఫైవింక్లైన్, ఎయిటింక్లైన్ అని. ఏడ ఉంటరు అని ఎవరన్న అడిగితే నంబరు చెప్పుకునేటోళ్లం.

మొదటి షిఫ్టు పొద్దుగాల 7కు, రెండోది పగటీలి 3కు, రాత్రి షిఫ్టు 11కు. వారానికొకసారి షిఫ్టు మారేది, మూడు వారాలకు ఒక చుట్టు. క్యాలెండర్ల తిథులు చూసేది అవ్వ ఒక్కతే, మాకు మాత్రం ఇది ఏ షిఫ్టు వారమన్నదే లెక్క. ఎసరు ఎప్పుడు పెట్టాలె, మేం ఎప్పుడు ఆడాలె, ఎప్పుడు గుసగుసగ మాట్లాడాలె, అంతా ఆ చుట్టును బట్టే నడిచేది.

మొదటి షిఫ్టు వారం అవ్వ కోడి కూయకముందే లేచేది. మా పొయ్యి పాత ఇనుప బొక్కెన. నడుమల ఇనుప చువ్వలు గుచ్చి, లోపల పుట్టమన్నుల ఊక కలిపి మందంగ మెత్తి, కింద ఒక పక్కకు బూడిద తీసేటందుకు బొక్క పెట్టింది అవ్వనే. అడుగున పిడక తునక, దాని మీద కట్టెపుల్లలు, ఆ మీద పిడికెడంత బొగ్గు పెళ్లలు ఒకదానికొకటి ఆనీ ఆననట్టు పేర్చి, చుక్క గ్యాసునూనె పోసి అగ్గిపుల్ల గీసేది. పెళ్లలు దగ్గరగ పేరిస్తే గాలాడక ఆరిపోతయి, ఎడంగ పేరిస్తే అంటుకోవు. ఆ ఎడం ఎంతన్నది అవ్వ వేళ్లకే ఎరుక, నాకు ఎన్నడూ రాలేదు. ముందు పసుపుపచ్చటి పొగ లేచేది, గంధకం వాసనతోని. పొగ పోయేదాక పొయ్యి వాకిట్లనే. చలికాలంల లైన్ పొడుగున పొయ్యిలన్నీ ఒక్కసారే అంటుకుంటే ఆ పొగ మీదికి లేవక నడుమెత్తున ఆగిపోయి ఎదురింటి తలుపు కనవడేది కాదు, దాంట్ల నుంచే ఎవరో దగ్గుకుంట, ఎవరో పిల్లగాన్ని పిలుసుకుంట, ఎవరో సైకిల్ గంట కొట్టుకుంట బాయికి పోయేటోళ్లు. పెళ్లలు ఎర్రగ కన్ను తెరిచినంక అవ్వ కొంగుతోని బొక్కెన చెవి పట్టుకొని లోపలికి తెచ్చేది. రాక్షసి బొగ్గు మీద మెల్లగ ఉడికిన కందిపప్పుకు ఒక వాసన ఉంటది. ఖనిల పుట్టి పెరిగి ఇప్పుడు గ్యాసు మీద వండుకుంటున్నోళ్లను అడగండి, వాళ్లకు యాదికి ఉంటది.

ఆ వారం బాపు సద్దిల అన్నం, పప్పు, ఒక ఉల్లిగడ్డ. మాపటికి వచ్చి వాకిట్ల నీళ్లు పోసుకుంటే సున్నపు గచ్చు మీద నల్లటి వాగు పారేది. సబ్బు ఎంత రుద్దినా కంటి రెప్పల అంచుకు బొగ్గు కాటుక లెక్క ఉండిపోయేది. చీకటి పడకముందే అందరం ఒక్క దగ్గర కూసోని తినేటోళ్లం. మూడు వారాల్ల గట్ల తినేది ఆ వారమే.

రాత్రి షిఫ్టు వారం ఇల్లంతా తలకిందులు. పొద్దుగాల మేం బడికి పోయే యాళ్లకు బాపు వచ్చి అంబలి తాగి, జొన్నరొట్టె తిని, కిటికీకి దుప్పటి కట్టుకొని పండేటోడు. పగటీలి గోలీలాట లేదు, బొంగరం లేదు. గిన్నె కింద పడితే చప్పుడు అయితదని అవ్వ తోమిన గిన్నెలను గోనెసంచి మీద బోర్లించేది. గిన్నెలు తోమేది పొయ్యిలో బూడిద, చింతపండు పిప్పితోనే. ఇత్తడి చెంబు ఎండల పెడితే చూడలేకపోయేటోళ్లం.

ఎండాకాలమైతే రామగుండం ఎండ సంగతి చెప్పేదేముంది. పొద్దంతా కాగిన డాబా మీద మాపటీలి పది బిందెల నీళ్లు చల్లితే సుర్రుమని ఆవిరి లేచేది, కాలిన సిమెంటు వాసన, తడి మన్ను వాసన కలిసి వచ్చేవి. నిచ్చెన ఎక్కించి నులక మంచాలు మీద వేసేటోళ్లం. లైన్‌ల ఎనిమిది క్వార్టర్లు, అందరి డాబాలు కలిసే ఉండేటివి, మంచాలూ కలిసే ఉండేటివి. మగవాళ్లు తలా ఒక షిఫ్టుల ఉంటే ఆడవాళ్లు గిన్నెలు మీదికే తెచ్చుకునేటోళ్లు. కృష్ణా దిక్కు నుంచి వచ్చిన పిన్నిగారింటి గోంగూర పచ్చడి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన భాభీ కాల్చిన గోధుమపిండి ఉండలు, వాటిల ఆవనూనె ఘాటు, సిరోంచ పెద్దమ్మ మిరపకాయ ఠేచా, మా అవ్వ సర్వపిండి. మేం పళ్లెం పట్టుకొని ఈ మంచం నుంచి ఆ మంచానికి పోతుంటిమి. ఒక్కొక్క ఇంటిది ఒక్కొక్క యాళ్లకు ఉడికేది కాబట్టి తిండి ఎన్నడూ ఒక్కసారే అయిపోయేది కాదు. పచ్చడి తిన్న అరగంటకు రొట్టె, రొట్టె తిన్న గంటకు ఎవరింట్లనో మామిడిపండ్ల రసం. జీతాల తెల్లారి అయితే తునకల కూర. ఎవరన్న బాపుకు ఆదివారం ప్లేడే, అంటే సెలవునాటి డ్యూటీ, పడిందంటే ఆ ఇంటోళ్లు మిర్చి తెచ్చి అందరికి పంచేటోళ్లు.

కడుపు నిండినంక ఎల్లెలకల పండుకొని తలకాయ ఒక్కటి తిప్పుకుంట పోతే ఊరంతా కనవడేది. ఒక దిక్కు 1971ల మొదలైన బీథర్మల్ కరెంటు కార్ఖాన పొగగొట్టం. ఇంకో దిక్కు ఎరువుల కార్ఖాన దీపాలు, అది 1980ల ఉత్పత్తి మొదలుపెట్టింది. 1978ల ప్రధాని మొరార్జీ దేశాయ్ వచ్చి పునాదిరాయి వేసినంక ఎన్టీపీసీ పొగగొట్టాలు మా కండ్ల ముందే మూరమూర లేచినయి, ఇయ్యాల ఎంత పెరిగిందో వేలు అడ్డం పెట్టి కొలుసుకునేటోళ్లం. 1983ల మొదటి యూనిట్ నడిచింది. ఆ పొగగొట్టాల మీద ఎర్ర దీపాలను చిన్నవాళ్లు కొత్త చుక్కలనుకునేటోళ్లు. ఉత్తరం దిక్కు ఏమీ ఉండేది కాదు, అటు గోదావరి. ఆ చీకటి దిక్కు నుంచే నడిరాత్రికి చల్లటి గాలి వచ్చేది. రామగుండం స్టేషన్ల ఆగిన రైలు కూత కూడ అప్పుడే వినవడేది, ఢిల్లీ పోయేదని ఒకడు, మద్రాసు పోయేదని ఒకడు పందెం కాసేటోళ్లు. మా బిడ్డకు ఇదంతా టొరంటో అద్దాల పక్కన కూసోని చెప్పిన. ఎరువుల కార్ఖాన 1999ల మూతపడి, 2021ల కొత్త పేరుతోని మళ్ల నడిచిందని, మా లైన్ ఉన్న జాగల ఇప్పుడు తుమ్మచెట్లు ఉన్నయని చెప్పిన. "నానమ్మ ఆ బొక్కెన పొయ్యి ఏం చేసింది?" అని అడిగింది అది. చెప్పుకుంటపోతే మిఠాయి పళ్లెం అట్లనే ఉండిపోయింది. పిలగాడు వచ్చి, బాగలేదా అని నెమ్మదిగ అడిగిండు. బాగున్నదన్న. నిజంగనే బాగుండె.

ఇగ రెండో షిఫ్టు వారం. మేం బడి నుంచి వచ్చేటప్పటికి బాపు బాయిల ఉండేటోడు, మేం నిద్రపోయినంక వచ్చేటోడు. వారం మొత్తం బాపు ముఖం సరిగ చూసేది ఉండకపోయేది. అవ్వ బాపు పళ్లెంల అన్నం పెట్టి, మీద ఇంకో పళ్లెం బోర్లించి, తడిగుడ్డ కప్పి గూట్ల పెట్టేది. పక్కన ముంతల పచ్చిపులుసు. పొయ్యి మీద పెట్టేది లేదు కాబట్టి ఆ వారమంతా పచ్చిపులుసే. చింతపండు పిసికిన నీళ్లల్ల కాల్చిన పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ ముక్కలు, కొంచెం బెల్లం. రాత్రి 11కు సైరన్ కూసేది. కొంతసేపటికి దూరంగ సైకిళ్ల గలగల, ఒక్కొక్క సైకిల్ ఒక్కొక్క వాకిట్ల ఆగేది. బాపు నీళ్లు పోసుకొని, పళ్లెం, ముంత పట్టుకొని, చప్పుడు కాకుండ నిచ్చెన ఎక్కేటోడు. డాబా మీద మంచాలు రోజొక తీరుగ ఉండేటివి, గాలి ఎటు ఉంటే అటు జరుపుకునేటోళ్లం. దీపం లేదు, దుప్పట్లు అన్నీ ఒకే తీరు, సొసైటీ దుకాణంల కొన్నవే. అయినా బాపు సీదా మా మంచం దగ్గరికే వచ్చి, పట్టె మీద కూసునేటోడు.

బాయి క్యాంటీన్ల ఇచ్చిన రెండు గారెలను తినకుండ కాగితంల కట్టుకొని జేబుల పెట్టుకొచ్చేటోడు. ఆ గారెకు బొగ్గు వాసన, పేలుడు మందు వాసన, చెమట వాసన. దాన్ని చిదిమి, అన్నంల కలిపి, పచ్చిపులుసు పోసి, ముద్దలు చేసి ఒక్కొక్కరిని మెల్లగ లేపేటోడు. లేపుడంటే లేపుడు కాదు, తలకాయ కింద చెయ్యి పెట్టి కొంచెం ఎత్తి, మూతికి ముద్ద ఆనిచ్చుడు. ముందు చెల్లె, అటెన్క తమ్ముడు, ఆఖరికి నేను. కండ్లు తెరవకుండనే నోరు తెరిచేటోళ్లం. ఆయన చేతి గరుకు చెంపకు తగిలేది. "తిన్నవా కొడుకా" అనేటోడు, మేం ఏం జవాబు చెప్పేటోళ్లమో మాకే తెల్వదు.

పొద్దుగాల లేచేసరికి బాపు నిద్రల ఉండేటోడు. మా నోట్లె పులుపు ఉండేది. రాత్రి బాపు వచ్చిండని దాన్ని బట్టే తెలిసేది.