దేంట్లో మూడో వంతు?

జులై 9

ఆరో తరగతిలో భిన్నాలు మొదలయ్యాయి. అర కిలో, పావు కిలో అంటే ఏమిటో ఈ పిల్లలకు చెప్పనక్కర్లేదు. సంచీ పట్టుకుని అంగడికి పోయి, తూకం దగ్గర ముల్లు చూసి మరీ తెచ్చేవాళ్లు. బోర్డు మీద 1/3, 1/4 రాసి ఏది పెద్దదని అడిగితే మాత్రం సగానికి పైగా చేతులు 1/4 వైపు లేచాయి. ‘మూడు కంటే నాలుగు పెద్దదే కద సార్!’

పావు వాళ్లకు తెలుసు. దాని పక్కన పెట్టి చూసుకోవడానికి మూడో వంతు అంగట్లో దొరకదు. మన పాత కొలతలూ అంతే: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. 1957లో నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు. అందులో సగం అర్ధరూపాయి, దాన్లో సగం పావలా, ఇంకా సగం బేడ. ఎక్కడ చూసినా సగంలో సగమే. ఆ పావలా బిళ్ల కూడా 2011లో చెల్లకుండా పోయింది. వీళ్లు ఆ తర్వాత పుట్టినవాళ్లు.

జులై 10

పాత పేపర్లు పొడుగు పట్టీలుగా కత్తిరించి తలా ఒకటి ఇచ్చాను. సగానికి మడవమంటే చిటికెలో అయింది. నాలుగు, ఎనిమిది కూడా అంతే. మూడు సమాన భాగాలు అనేసరికి క్లాసు నిశ్శబ్దం.

ముందు వరస పిల్ల ఒకతె పట్టీని అడ్డదిడ్డంగా మడిచి, నొక్కకుండా వదులుగా పట్టుకుంది. పైమడత కాస్త పొడుగొచ్చింది. లోపలికి జరిపింది. కిందిది బయటికొచ్చింది. దాన్నీ జరిపింది. మూడు అంచులూ ఒక్క గీతలోకి వచ్చాక బొటనవేలి గోటితో గట్టిగా గీసింది. గీసేటప్పుడు నాలుక బయటపెట్టింది కూడా.

వెనక బెంచీ వాడికి అంత ఓపిక లేదు. నాలుగుగా మడిచి, ఒక ముక్క చింపి జేబులో వేసుకుని, ‘మూడు భాగాలైనయి సార్, అన్నీ సమానమే’ అన్నాడు. నిజమే, కొలిచి చూసినా సమానమే. ‘ఇది మూడో వంతా?’ అంటే అవునన్నాడు. ‘దేంట్లో?’ అన్నాను. కాసేపు పట్టీని చూసి, జేబు తడుముకుని, ‘చింపినంక మిగిలిన దాంట్ల’ అన్నాడు. ఈ పాఠంలో ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి లేదు. లవం, హారం నిర్వచనాలు రేపు రాయించినా కొంపలేం మునగవు.

జులై 12

1/2 + 1/3 = 2/5. ఏటా వచ్చేదే. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడేయడం. తప్పు అని ఎర్ర సిరాతో కొట్టేయడం తేలిక. ఒకడు ఊరుకోలేదు: ‘నిన్న రెండు మ్యాచుల్ల ఒకటి గెలిచినం, ఇయ్యాల మూడింట్ల ఒకటి. మొత్తం ఐదింట్ల రెండు. తప్పెట్లయితది?’

వాడి లెక్క వాడి మ్యాచులకు సరైనదే. అక్కడ సగం రెండు మ్యాచుల్లో సగం, మూడో వంతు మూడింట్లో మూడో వంతు. కూడిక లెక్కలో ఆ రెండూ ఒకే దాంట్లోవి కావాలి. పైగా 2/5 సగం కంటే తక్కువ. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా? ఈ రెండో ప్రశ్నకు వాడు తల గోక్కున్నాడు. మొదటిదానికి ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిది.

జులై 15

వాన. గ్రౌండంతా బురద. అందరినీ వరండాలోకి తోలాను. గోడ వెంట ఒక వరసలో పన్నెండు తాండూరు బండలు. ఆ వరసంతా ఒకటి అనుకోండి అన్నాను. సగం దాకా నడిస్తే ఆరు బండలు. అక్కణ్నించి మూడో వంతు, అంటే నాలుగు. పదో బండ మీద నిలబడ్డ పిల్ల తానే చెప్పింది: పన్నెండింట్లో పది. ఇంకో పిల్ల రెండేసి బండలు జతకట్టి ఆరింట్లో ఐదు అంది. మ్యాచులవాడు మౌనంగా రెండుసార్లు నడిచి చూసుకున్నాడు.

జులై 16

‘ఐదో వంతు ఎక్కడ నిలబడాలె సార్?’ బండ మధ్యలో పడుతుంది. పగలగొడదామా అని ఒకరు, ఇంకా బండలు పరుద్దామని ఒకరు. ఎన్ని ఉంటే మూడుకూ, నాలుగుకూ, ఐదుకూ సరిపోతాయని లెక్కలు కట్టి, అరవై దగ్గర ఆగారు. క.సా.గు. అన్న పేరు అప్పుడు చెప్పాను. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇదే పని చెప్పాడు. దాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన మనవాడే. హెడ్మాస్టరు గదిలో ఆ సంగతి చెబితే, ‘సిలబస్‌లో ఉందా?’ అన్నారు.

జులై 19

ఎకరం ముగ్గురు అన్నదమ్ములకు. నలభై గుంటలు, తలా పదమూడు పోగా ఒక గుంట మిగిలింది. గుంటకు 121 చదరపు గజాలు. తలా నలభై, ఇంకా ఒక గజం మిగిలింది. ‘మళ్లా మూడో వంతే!’ అని విసుక్కున్నారు. ఇంటి దగ్గర పంపకాలు చూసిన పిల్లాడు, ‘బావి ఎవరి దిక్కు పడితే వాళ్లదే ఎక్కువ సార్’ అన్నాడు. సమాన వైశాల్యం వేరు, సమాన వాటా వేరు. ఆ సంగతి నా దగ్గర నేర్చుకోవాల్సిన పని వాడికి లేదు.

జులై 22

మధ్యాహ్న భోజనానికి చిన్న తరగతుల పిల్లకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి పైవాళ్లకు 150. కిలో బియ్యం ఎంతమంది ఆరో తరగతి వాళ్లకు వస్తుంది? ఆరుగురికి 900 గ్రాములు పోయాయి. మిగిలిన వందను ఏమనాలన్న దగ్గర రెండు జట్లయ్యారు. పదో వంతని ఒకరు, మూడింట రెండొంతులని ఒకరు. గొంతులు పెరిగాయి. చివరికి వెనక బెంచీ నుంచి అదే ప్రశ్న వచ్చింది: ‘దేంట్ల?’ కిలోలో పదో వంతు, ఒకరి వాటాలో మూడింట రెండొంతులు. రెండూ బోర్డు మీదే ఉంచాను.

గుమ్మం దగ్గర బియ్యం చెరుగుతూ వింటున్న వంటామె, ‘గంత లొల్లి ఎందుకు సార్, దాంట్ల ఐదో తరగతి పోరి ఒకామె తింటది’ అంది. మ్యాచులవాడు లేచి, మూడో జవాబుగా 1 అని రాసి వచ్చాడు.